పేలపిండి లెక్క

ఆదివారం, ఇంకా తెల్లవారలేదు. రెండున్నర.
గ్రిమ్స్‌బీ రేవుకి అవతల, సముద్రం మీద
గాలిమరలు ఒళ్లు మరచి తిరుగుతున్నాయి.
ఊరు నిద్రలో ఉంది. కరెంటు కొనే నాథుడు లేడు.
ధర సున్నా కిందికి జారిందని
తెర మీద ఎర్రటి అంకె.

గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అన్నారు మనవాళ్లు.
ఇక్కడ కృష్ణుడికి చిటికెడు కూడా మిగల్చకూడదని
నాకు జీతమిస్తారు.
మీట నొక్కుతాను.
కంప్రెసర్లు గొంతు సవరించుకుంటాయి.

ముందు గాలిని కడగాలి.
తడి తీయాలి, బొగ్గుపులుసు వాయువు తీయాలి,
రేవంతా పట్టిన చేపల నీచు తీయాలి,
లేకపోతే గొట్టంలో గడ్డకట్టి అడ్డం కూర్చుంటాయి.
తర్వాత పిండాలి.
పిండితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది కదా,
గాలికీ అంతే. ఆ మంటని నూనెలోకి దింపుకుని
మూత పెట్టి పక్కన ఉంచుతాం.
ఇక చలి. సున్నా నుంచి నూట తొంభై మెట్లు కిందికి,
ఇంకా కిందికి,
ఏడువందల బిందెల గాలి
ఒక్క బిందెలో సర్దుకునేదాకా.

దాన్ని కళ్లారా చూసింది ఒక్కసారే, శిక్షణలో, గాజు ఫ్లాస్కులో.
నీలం. ఉతికి ఉతికి వెలిసిన స్కూలు చొక్కా నీలం.
ఆకాశాన్ని కరిగిస్తే ఇలా ఉంటుందా అన్నాను.
"ఆకాశమా? స్కన్‌థోర్ప్ ఉక్కు ఫ్యాక్టరీ మీదుగా వచ్చిన గాలి అది"
అన్నాడు నేర్పిన డెన్‌జిల్, ముక్కు చీదుకుంటూ.

పక్క షెడ్డులో బెరిల్ క్లేథోర్న్ హ్యాడక్ చేపలు చీరుతుంది.
ముప్ఫై ఏడేళ్లు. మంచులో ముంచి ముంచి
కుడిచేతి రెండు వేళ్లు ఆమెవి కాకుండా పోయాయి.
"గాలిని దాస్తారట, అన్నీ గాలి మాటలు" అని
మొదట్లో నవ్వింది.
ఇప్పుడు ఆమె చేపల్ని గడ్డకట్టించేది
మా కంకర గది దాచిన చలి.
ఆమె పెట్టెలు కడిగే వేన్నీళ్లు
మా నూనె దాచిన కోపం.

బుధవారం సాయంత్రం గాలి ఆగిపోయింది.
సముద్రం మీద మరలన్నీ
ఒంటికాలి కొంగల్లా నిలబడిపోయాయి.
నాలుగింటికే చీకటి. ఊరంతా ఒకేసారి
టీకి నీళ్లు పెట్టింది.
ఫోనులో ఒకే మాట: "వదలండి."

దానికి మరగడానికి పొయ్యి అక్కర్లేదు.
జనవరి గ్రిమ్స్‌బీ చలే దానికి కొలిమి.
దాచిన వేడి కూడా కాస్త తగిలిస్తే
గోళీసోడా కొట్టినట్టు
ఒక్క ఉదుటున టర్బైను మీద పడింది,
ఆదివారం వీచి
ఎవరికీ అక్కర్లేకపోయిన గాలి.

పది పెడితే ఆరే తిరిగొస్తాయి. దాచను.
మిగతా నాలుగూ ఏమయ్యాయని
లండన్ నుంచి వచ్చిన లెక్కలాయన అడిగాడు.
చెప్పలేక, వెంటబెట్టుకుని పక్క షెడ్డుకి తీసుకెళ్లాను.
తొట్టి దగ్గర బెరిల్. షిఫ్టు అయిపోయింది.
వేన్నీళ్లలో మణికట్లదాకా చేతులు.
ఆ రెండు వేళ్లూ మెల్లగా ఎర్రబడుతున్నాయి.
ఆయన చాలాసేపు చూశాడు.
కాగితంలో దానికి గడి లేదు.
పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"ఇది ఏ రోజు గాలి?" అంది బెరిల్, తల తిప్పకుండానే.
ఆదివారంది, అన్నాను.
"ఆదివారం నా బట్టలు తీగ మీంచి లేచిపోయాయి.
అన్నీ దొరికాయి, ఒక్క మేజోడు తప్ప.
ఊదారంగుది. మీ ట్యాంకులో ఉందేమో చూడు."

లెక్కలాయన ఫక్కున నవ్వాడు.
నేనూ నవ్వాను.
షిఫ్టు దిగేముందు మాత్రం, ఎవరూ లేనప్పుడు,
గాలి లోపలికి వచ్చే చోట
జల్లెడ తెరిచి చూశాను.